డైరీ రాస్తున్నా, గోల్స్ పెట్టుకుంటున్నా, అయినా జీవితం ఒక పక్కకే ఒరిగిపోతోంది... ఎక్కడ తప్పు జరుగుతోంది?

తెల్లకాగితం:

అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు, ఇవాళ మాత్రం ఎవరితోనైనా చెప్పుకోకపోతే ఉండలేను అనిపించింది, పోస్ట్ కాస్త పెద్దదవుతుంది, ఓపిగ్గా చదవండి.

నాకు 38 ఏళ్లు. ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, దూరంగా ఒక్కరే ఉండే నాన్న. మూడేళ్ల నుంచి ప్రతి జనవరి 1న ఒక్కదాన్నే కూర్చుని ఆ ఏడాదికి గోల్స్ రాస్కుంటా. ఈసారి 11 రాశా. రోజూ గంట నడక, 8 కిలోలు తగ్గడం, నెలకి రెండు పుస్తకాలు, ఆఫీసులో పనికొచ్చే ఒక సర్టిఫికేషన్, కొత్త భాష, పిల్లలతో రోజూ గంట, ఫోన్ తగ్గించడం, పొద్దున్నే 5కి లేవడం, ధ్యానం, నాన్నతో రోజూ మాట్లాడడం, కోపం తగ్గించుకోవడం. ఒంటికి, ఇంటికి, ఉద్యోగానికి, మనసుకి అన్నిటికీ చోటిచ్చా కదా, ఇదే బ్యాలెన్స్ అంటే అనుకున్నా. ఫిబ్రవరి రెండో వారానికి ఒక్కోటీ జారిపోయింది. సర్టిఫికేషన్ చదువు మీద పడితే పిల్లలకి టైమ్ ఉండట్లేదు, పిల్లలతో కూర్చుంటే నడక పోతోంది, 5కి లేస్తే సాయంత్రానికి తల పగిలిపోయి అందరి మీదా అరుస్తున్నా.

అసలు బాధ ఇది కాదు. ఆత్మపరిశీలన చేసుకుంటే ఎక్కడ తేడా వస్తోందో తెలుస్తుందని అందరూ అంటారు కదా, అందుకని రోజూ రాత్రి పడుకునే ముందు ఒక పేజీ రాస్తా. మొన్న ఆదివారం ఆ నోట్‌బుక్ వెనక్కి తిరగేశా. వరసగా 47 పేజీలు, ప్రతి పేజీ మొదటి లైను ఒకటే, "ఇవాళ కూడా కుదర్లేదు." కింద కాస్త అటూ ఇటూగా అదే తిట్టు, నాకు క్రమశిక్షణ లేదు, నేనింతే, అందరూ చేస్కుంటున్నారు నాకే చేతకావట్లేదు అని. కొన్ని పేజీల్లో పెన్ను ఎంత గట్టిగా నొక్కానంటే అక్షరాలు వెనక పేజీకి దిగాయి, వేలితో తడిమితే గరుగ్గా తగుల్తున్నాయి. అది చూసి భయమేసింది. నన్ను నేను తెలుసుకోవడానికి మొదలెట్టిన పని, రోజూ నన్ను నేను కొట్టుకునే పని అయిపోయింది.

ఇప్పుడు డైరీ ఆపేయాలా? గోల్స్ మానేయాలా? లేక నేను చేసే పద్ధతిలోనే ఏదైనా లోపం ఉందా? మీలో ఎవరికైనా నిజంగా కుదిరి ఉంటే ఎలా కుదిరిందో చెప్పండి. వీడియోల్లో చెప్పే మాటలు వద్దు, చాలా విన్నా.

నెమ్మది_నడక:

తెల్లకాగితం గారూ, డైరీ ఆపకండి, కానీ ఇప్పుడు మీరు రాస్తున్నది మాత్రం ఆపండి. చెప్తాను.

మీరు చేస్తున్నది ఆత్మపరిశీలన కాదండి, దానికి సైకాలజీలో వేరే పేరుంది, రూమినేషన్ అంటారు. ఆ మాట పుట్టిందే పశువులు నెమరేయడం నుంచి. మన భాషలో నెమరేసుకోవడం అంటే తీపి జ్ఞాపకాలకి వాడతాం గానీ ఇక్కడ నమిలేది చేదు, మళ్లీ మింగేదీ అదే. సూజన్ నోలెన్ హోక్సెమా అనే సైకాలజిస్ట్ 1991 నుంచి దీని మీదే ఏళ్ల తరబడి పని చేశారు, దిగులుగా ఉన్నప్పుడు "నాకే ఎందుకిలా" అని అదే పనిగా తవ్వుకునేవాళ్లకి ఆ దిగులు త్వరగా వదలదని, పైగా సమస్యకి దారి వెతికే శక్తి కూడా తగ్గుతుందని ఆవిడ చూపించారు. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. రెండిట్లోనూ మనిషి ఒంటరిగా కూర్చుని తన గురించే ఆలోచిస్తుంటాడు. అందుకే మనకి తేడా తెలీదు, మంచి పనే చేస్తున్నాం అనుకుంటాం.

నేను తేడా ఎలా పట్టుకున్నానంటే, రాసేసి పుస్తకం మూశాక రేపు చేయడానికి గానీ, ఇవాల్టి గురించి కొత్తగా తెలిసింది గానీ ఒక్కటైనా ఉందా అని చూస్కుంటా. ఉంటే అది పరిశీలన. లేకపోతే నెమరు. మీ 47 పేజీల్లో అలాంటిది ఎన్ని చోట్ల ఉందో ఒకసారి చూడండి.

నేను మార్చింది ముఖ్యంగా ప్రశ్న. "ఎందుకు నేనిలా ఉన్నా" అని రాయడం మానేసి "ఏం జరిగింది" అని రాయడం మొదలెట్టా. ఎన్నింటికి, ఎక్కడ, ఎవరున్నారు, దానికి అరగంట ముందు ఏం చేస్తున్నా, ఇంతే. ఒక ఉదాహరణ చెప్తా. సాయంత్రం వ్యాయామం నాకు ఎప్పుడూ తప్పిపోయేది, "బద్ధకం" అని రాస్కునేవాణ్ణి. ఏం జరిగిందో రాయడం మొదలెట్టిన వారానికి బయటపడింది ఏంటంటే, తప్పిన నాలుగు రోజులూ ఇంటికి రాగానే బూట్లు విప్పి సోఫాలో కూర్చున్న రోజులే. చేసిన రెండు రోజులూ బూట్లు విప్పకముందే మళ్లీ బయటికెళ్లిన రోజులు. బద్ధకం అని రాసినన్నాళ్లూ నాకు చేయడానికి ఏమీ దొరకలేదు. బూట్లు అని రాసిన రోజున దొరికింది. అప్పట్నుంచి బూట్లు విప్పట్లేదు.

ఇంకోటి కూడా చేసి చూడండి, మొదట్లో వింతగా ఉంటుంది. "నేను" అని కాకుండా మీ పేరుతో రాయండి, పక్కింటావిడ గురించి రాసినట్టు. ఈథన్ క్రాస్ అనే సైకాలజిస్ట్, ఆయన తోటివాళ్లు 2014లో బయటపెట్టిన ప్రయోగాల్లో, స్పీచ్ ఇవ్వాల్సొచ్చినప్పుడు తమని తాము పేరు పెట్టి పిలుచుకుంటూ ఆలోచించినవాళ్లకి "నేను, నేను" అని ఆలోచించినవాళ్లకంటే కంగారు తక్కువగా ఉంది. నాకైతే పేరుతో రాసినప్పుడు తిట్టు చేతికి రాదు. వేరే మనిషిని అంత మాట అనబుద్ధి కాదు కదండి.

రాత్రిపూట ఇలా రోజుని తిరగేసుకోవడం ఇప్పటిది కాదు కూడా. దాదాపు రెండు వేల ఏళ్ల కిందట రోమ్‌లో సెనెకా అనే తత్వవేత్త, దీపం తీసేశాక, ఆ అలవాటు తెలిసిన భార్య మాట్లాడకుండా ఉన్నాక, ఆ రోజు తను చేసినవి అన్నవి అన్నీ తనకి తానే తిరిగి చెప్పుకునేవాడట, ఏదీ దాచుకోకుండా. అయితే అందులో నాకు బాగా పట్టుకున్న సంగతి ఏంటంటే, ఇంకోసారి అలా చేయకు, ఈసారికి క్షమిస్తున్నా అని తనకి తనే చెప్పుకుని ముగించేవాడు. ఆ తర్వాత హాయిగా నిద్రపోయేవాడు. మీ పేజీల్లో ఆ చివరి లైను లేదు. దయచేసి దాన్ని కలపండి.

చిన్న_అడుగు:

పైన చెప్పినవి బాగున్నాయి, నేను గోల్స్ గురించి ఒక్క మాట. 11 చాలా ఎక్కువండి. అందులో ఒక్కోటీ విడిగా చూస్తే మంచిదే, అన్నీ ఒకే రోజు మొదలెట్టడం దగ్గరే వస్తోంది చిక్కు.

బెంజమిన్ ఫ్రాంక్లిన్ సంగతి మీరు వినే ఉంటారు, అమెరికాలో, 1700ల నాటి మనిషి. తనలో పెంచుకోవాల్సిన గుణాలు 13 రాస్కున్నాడు, మీకంటే రెండు ఎక్కువే. కానీ ఒక వారానికి ఒకదాని మీదే దృష్టి. మిగతా 12 ఆ వారం ఎలా నడిస్తే అలా. 13 వారాలకి ఒక చుట్టు, ఏడాదికి 4 చుట్లు. ఒక చిన్న పుస్తకంలో గళ్లు గీసి తప్పిన చోట నల్ల చుక్క పెట్టేవాడు. అంత పట్టుదల ఉన్న మనిషికీ ఒకటి చివరిదాకా లొంగలేదు, వస్తువులూ పనులూ దేని చోట అది ఉంచుకోవడం. ఆ విషయం ఆయనే రాసి పెట్టాడు. అయినా ఆ ప్రయత్నం చేసినందుకు చేయకపోతే ఉండేదానికంటే మెరుగయ్యానని, సంతోషంగా ఉన్నానని కూడా రాశాడు.

మీరు మూడు నెలలకి రెండు పట్టుకోండి. ఒకటి మీ కోసం, ఒకటి మీవాళ్ల కోసం. మిగతా తొమ్మిదీ ఒక కాగితం మీద రాసి దాచండి, అవెక్కడికీ పోవు.

గంటల_లెక్క:

నేను కాస్త వేరేగా చెప్తా. గోల్స్ రాసేముందు మీ దగ్గర అసలు ఎన్ని గంటలున్నాయో చూశారా? నేను చూడకుండా నాలుగేళ్లు పోగొట్టుకున్నా, అందుకే అడుగుతున్నా.

వారానికి 168 గంటలు, ఎవరికైనా అంతే. నేను రెండు వారాలు ఒక కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేస్కుని తిరిగా, పని మారినప్పుడల్లా టైమ్ రాసేవాణ్ణి, మంచీ చెడూ ఏమీ రాయకుండా ఊరికే టైమ్ మాత్రం. రెండో వారం చివరికి ఆ కాగితం మడతల దగ్గర చిరిగిపోయింది, టేప్ వేసి ఇంకా దాచుకున్నా. లెక్క ఇలా తేలింది. నిద్ర 49, ఆఫీసు 45, రాకపోకలు 10, ఇంటి పనీ పాపాయి పనీ 21, స్నానం తిండి లాంటివి 14. మొత్తం 139. మిగిలింది 29. ఆ 29లో 17 గంటలు ఫోన్. రాత్రి 11:10 నుంచి 12:40, 11:00 నుంచి 12:55, ఇలా వరసగా రాసి ఉంటే చూడ్డానికే కష్టమనిపించింది. నేను మాత్రం గోల్స్ అన్నీ కలిపి వారానికి 25 గంటల పని రాస్కుని ఉన్నా. ఉన్న చోటు 12 గంటలు. ఇంక కుదిరేదెలా? నాలుగేళ్లు నా మీద నేను వేస్కున్న నిందలన్నీ ఒక తీసివేత లెక్క చేయకపోవడం వల్ల వచ్చినవి.

ఇది నా ఒక్కడి పొరపాటు కూడా కాదని తర్వాత తెలిసింది. డేనియల్ కానమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ అనే ఇద్దరు సైకాలజిస్టులు 1979లోనే దీనికి, అంటే పనికి పట్టే టైమ్‌ని తక్కువగా అంచనా వేస్కోవడానికి, ప్లానింగ్ ఫాలసీ అని పేరు పెట్టారు. 1994లో వచ్చిన ఒక స్టడీలో థీసిస్ రాస్తున్న విద్యార్థుల్ని ఎన్ని రోజుల్లో పూర్తి చేస్తారు అని అడిగితే సగటున 34 రోజులన్నారు. పోనీ అన్నీ అడ్డం తిరిగితే ఎన్ని రోజులు అంటే 49 అన్నారు. తీరా పట్టింది 55 పైనే. అంటే మనిషి అన్నీ చెడిపోతాయని ఊహించుకుని చెప్పిన లెక్క కూడా నిజం కంటే తక్కువే ఉంటుంది. అందుకని నేనిప్పుడు ఏ పనికైనా అనుకున్న టైమ్‌కి ఇంకో సగం కలిపి రాస్తా.

మీరు కూడా రెండు వారాలు ఏమీ మార్చకుండా ఊరికే టైమ్ రాయండి. గోల్స్ ఆ తర్వాత. ఇంకోటి, రాసేటప్పుడు "ఫోన్ తగ్గించాలి" అని రాయకండి, అది ఎప్పుడు చేయాలో దానికే తెలీదు. "రాత్రి పదిన్నరకి ఫోన్ హాల్లో చార్జింగ్ పెట్టి గదిలోకి వెళ్తా" అని రాయండి. ఫలానా టైమ్‌కి ఫలానా చోట ఇది జరిగితే నేను అది చేస్తా అని ముందే ముడివేసి పెట్టుకోవడం, పీటర్ గోల్‌విట్జర్ అనే ఆయన చేసిన పరిశోధనల్లో ఊరికే "చేయాలి" అనుకోవడం కంటే చాలా బాగా పనిచేసింది. పైన నెమ్మది_నడక గారి బూట్లు కూడా అదే కదా.

మబ్బు_చాటు:

అందరూ బాగా చెప్పారు కానీ నాకు ఒక విషయం దగ్గర ఒప్పుకోబుద్ధి కావట్లేదు. బ్యాలెన్స్ అంటే ప్రతి రోజూ అన్నిటికీ తలా కాస్త పంచడం అనే మాట దగ్గరే నాకు అభ్యంతరం.

రెండేళ్ల కిందట మా అమ్మకి ఆపరేషన్ అయ్యింది, ఏడు నెలలు మంచం మీదే. ఆ ఏడు నెలల్లో నేను ఒక్క పుస్తకం చదవలేదు, ఒంటి సంగతి పట్టించుకోలేదు, ఆఫీసులో కూడా మాట పడకుండా సరిపెట్టుకొచ్చా, అంతే. రోజూ టిక్కు పెట్టుకునే యాప్ ఒకటి ఉండేది నా ఫోన్‌లో, రాత్రి 9కి మోగేది, ఎర్ర గుర్తులు చూపించేది, మీరు ఇవాళ ఐదు తప్పారు అని. అమ్మకి పక్క మార్చి, మందులిచ్చి, చేతులు కడుక్కుని వచ్చి ఆ ఎర్ర గుర్తులు చూసి ఏడ్చిన రాత్రి ఒకటుంది. ఆ రోజు దాన్ని తీసేశా. ఇప్పుడు వెనక్కి చూస్తే నా జీవితంలో నేను పెట్టాల్సిన చోట టైమ్ పెట్టిన రోజులేవంటే అవే చెప్తా. ఒక్క రోజుని చూస్తే అంతా ఒక పక్కకే ఒరిగి ఉంది. మూడేళ్లు కలిపి చూస్తే సరిగ్గానే ఉంది. అమ్మ లేచి తిరుగుతోంది, నేను మళ్లీ చదువుతున్నా.

కాబట్టి అక్కా, మీ పిల్లలు ఏ వయసులో ఉన్నారు, నాన్నగారి ఆరోగ్యం ఎలా ఉంది, ఆఫీసులో ఇది ఎలాంటి ఏడాది, ఇవి చూస్కుని ఈ మూడు నెలలు దేనిది పెద్దపీట అని ముందే ఒప్పేసుకోండి. ఒప్పుకున్నాక మిగతావి తగ్గినా అది తప్పిపోయినట్టు కాదు, మీరే ఒప్పుకుని పక్కన పెట్టినట్టు. రెండిటికీ మనసులో చాలా తేడా ఉంటుంది.

ఒక రోజు తప్పితే అంతా పోయిందనుకోవడం కూడా మానేయండి. 21 రోజుల్లో అలవాటు అయిపోతుందని తిరిగే మాట ఉంది చూడండి, అది మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన దాన్నుంచి వచ్చింది, పేషెంట్లు తమ కొత్త ముఖానికి అలవాటు పడ్డానికి కనీసం 21 రోజులు పడుతోందని ఆయన గమనించింది. ఆ "కనీసం" జనం నోళ్లలో ఊడిపోయింది. లండన్‌లో ఫిలిప్పా లాలీ, ఆవిడ తోటివాళ్లు 96 మందిని 12 వారాలు చూసి తేల్చింది 66 రోజుల చుట్టుపక్కల అని, అది కూడా మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా పోవచ్చని వాళ్ల అంచనా. ఆ స్టడీలోనే ఇంకో మాట ఉంది, మధ్యలో ఒక రోజు తప్పినా అలవాటు పడడానికి పెద్దగా అడ్డం కాలేదని. నేను ఇది ముందే చదివుంటే ఆ రాత్రి ఏడవకపోదునేమో.

ఒక ప్రశ్న అడుగుతా, ఏమనుకోకండి. ఆ 11లో మీవి ఎన్ని? అంటే ఎవరూ చూడకపోయినా, ఎవరికీ చెప్పుకోకపోయినా మీరు చేయాలనుకునేవి ఎన్ని? షెల్డన్, ఎలియట్ అని ఇద్దరు 1999లో రాసినదాని ప్రకారం, తనకి నిజంగా ఇష్టమైన, తను విలువిచ్చే గోల్ మీద మనిషి ఎక్కువ కాలం కష్టపడతాడు, అది అందినప్పుడు మనసుకీ ఎక్కువ నిండుగా ఉంటుంది. సిగ్గుకో, పక్కవాళ్లని చూసో పెట్టుకున్న గోల్ దగ్గర ఆ కష్టం నిలబడదు.

ఇంకోటి కూడా చెప్పాలి. రెండు వారాలకి మించి రోజంతా దిగులుగానే ఉంటే, నిద్ర ఆకలి దెబ్బతింటే, దేని మీదా ఆసక్తి లేకపోతే మాత్రం అది డైరీతోనో గోల్స్‌తోనో తీరేది కాదు, డాక్టర్‌ని కలవండి. నేను అమ్మ విషయంలో కలిశా, మేలే జరిగింది.

తెల్లకాగితం:

మీరందరూ ఇంత టైమ్ పెట్టి రాస్తారనుకోలేదు. మబ్బు_చాటు గారూ, దిగులు అంత దూరం పోలేదు, నిద్ర పడుతోంది, పని మీద ఆసక్తి ఉంది, అయినా గుర్తుపెట్టుకుంటా.

మీ ప్రశ్న దగ్గరే రాత్రంతా ఆగిపోయా. 11 ముందేసుకుని ఒక్కో దాని పక్కన ఎవరిది అని రాశా. 5కి లేవడం నాది కాదు, ఆఫీసులో అందరూ చెప్పుకుంటుంటే రాశా. కొత్త భాష, నెలకి రెండు పుస్తకాలు, ధ్యానం కూడా అంతే, పుస్తకాలంటే ఇష్టమే కానీ ఆ "రెండు" నాది కాదు. బరువు ఎవరో అన్న మాట వల్ల రాసింది, ఆ మాట ఇంకా చెవిలో ఉంది. సర్టిఫికేషన్ నాకు కావాలా వద్దా అన్నది నిజంగా నాకే తెలీట్లేదు, దాని పక్కన ఖాళీగా వదిలా. చివరికి గట్టిగా నావి అనిపించినవి నాలుగు, నడక, పిల్లలు, నాన్న, కోపం. ఫోన్ విడిగా గోల్ కాదని కూడా అర్థమైంది, అది ఈ నాలుగింటికీ అడ్డం వచ్చేది.

ఆ నాలుగు చూస్తుంటే ఇంకోటి కనిపించింది. నేను కోపం చేసిన రోజులు నోట్‌బుక్‌లో వెతికా, తారీఖులు పక్కన పెట్టి చూస్తే దాదాపు అన్నీ 5కి లేచిన రోజులే. నాది కాని గోల్ నాదైన గోల్‌ని తినేస్తోంది. 47 పేజీలు రాసినా ఇది కనపడలేదు, ఎందుకంటే నేను రాసింది తిట్టు తప్ప ఏం జరిగిందన్నది కాదు.

గంటల_లెక్క గారూ, ఇవాళ్టి నుంచి కాగితం మొదలెట్టా. గోల్స్ ఏవీ రెండు వారాల దాకా ముట్టుకోను. ఒక్క దాంట్లో మాత్రం మీ మాట వినలేకపోతున్నా, నాన్నకి ఫోన్ చేయడం ఆపలేను.

చిన్న_అడుగు:

నాన్నగారి ఫోన్ ఆపమని ఎవరూ అనరండి. అది ఏ టైమ్‌కి చేస్తున్నారు? ఒక పనికి ముడివేసి పెట్టుకున్నారా, లేక ఖాళీ దొరికినప్పుడా?

తెల్లకాగితం:

ఇన్నాళ్లూ ఖాళీ దొరికినప్పుడే. అంటే దొరికేది కాదు. నిన్న మాత్రం ఆఫీసు నుంచి వచ్చి, బూట్లు విప్పకుండానే కింద నడుస్తూ చేశా. 25 నిమిషాలు మాట్లాడారు. మధ్యలో, ఏంటమ్మా ఆయాసపడుతున్నావ్ అని అడిగారు, నడుస్తున్నా నాన్నా అంటే, అయితే నేనూ లేచి వరండాలో నడుస్తానుండు అన్నారు. ఫోన్‌లో ఆయన చెప్పుల చప్పుడు వినపడుతూనే ఉంది. రాత్రి పేజీలో అదే రాశా, ఎన్నింటికి, ఎక్కడ, ఏం జరిగింది అని. నాలుగు లైన్లు వచ్చింది. రేపు కూడా ఆరున్నరకే చేస్తానని చెప్పా.